పరాసు ఆయన ఎడమకాలు

చిత్తూరు గ్రీమ్స్‌పేట చర్చిలో
కాళ్ళతో తొక్కే ఆర్గను ఒకటుండేది.
దాని తిత్తి చిరిగినప్పుడల్లా
సైకిలు ట్యూబు ముక్కలతో అతికించేవాడు
జ్ఞానాభరణం మాస్టారు.
వారమంతా హైస్కూల్లో లెక్కలు,
శనివారం పిల్లకాయలకు స్వరాలు,
ఆదివారం దేవుడికి రెండు ఆరాధనలు.
జీతం మాత్రం లెక్కలకే.

ఆయన దగ్గర ఒక పుస్తకం.
పాండిచ్చేరిలో పాత సామాన్ల అంగడోడు
కిలో లెక్కన తూచి ఇచ్చింది.
అచ్చు కాదు, చేతిరాత.
మొదటి పేజీ చినిగిపోయి
రాసినాయన పేరు దాంతోపాటే పోయింది.
మేం పరాసు ఆయన అనేవాళ్ళం.

స్వరాల పక్కన అంచుల్లో పెన్సిలు గీతలు.
రాయవేలూరు ఆస్పత్రిలో పరాసు బాస తెలిసిన
ముసలి సిస్టరమ్మతో చదివించుకోనొచ్చి
మాకు కతగా చెప్పేవాడు.
"ఇదో, ఈడ చలికి వేళ్ళు కొంకర్లు పోయినాయంట.
ఈడ శిష్యుడెవడో మూడు వారాలుగా రాలేదంట,
జొరమా బద్ధకమా అని రాసుకున్నాడు.
ఈడ ఏమీ లేదు, కాఫీ మరక."
నలభై ఏండ్లు ఒకటే గుడి.
ఆర్గను దాకా డెబ్బై మూడు మెట్లు.
చివరి పేజీల్లో మాత్రం
నలభై రెండో మెట్టు కాడ కూర్చున్నాను, అని.

పెద్ద పట్నం నుంచి పిలుపొచ్చిందంట.
పోలేదంట. ఎందుకో రాయలేదు.
ఆడికి రాగానే మాస్టారు
కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవాడు.
మద్రాసు నుంచి ఆయనకూ ఒక కార్డు వచ్చిందని
మాకు చానా కాలానికి తెలిసింది.

ఆ రాగాలకు మూడు వరసలు.
రెండు, చేతులకు.
మూడోది కాళ్ళకు.
వాళ్ళ దేశంలో కాళ్ళు కూడా వాయిస్తాయి.
మా ఆర్గనుకు కాళ్ళంటే గాలి కొట్టేవి,
ఏతం తొక్కినట్టు, అంతే.

ఆ యేడే నా గొంతు విరిగింది.
పాటల గుంపులోంచి తీసేసినారు.
గేటు కాడ చెప్పుల పక్కన కూర్చోనుంటే
మాస్టారొచ్చి చెవి పట్టి లేపినాడు.
"రేయ్ ఏలియా, కిందికి పాడు. ఇంకా కిందికి.
ఆఁ, ఆడ నిలబడు.
ఈ పొద్దు నుంచి నువ్వు
పరాసు ఆయన ఎడమకాలు."

కుడికాలు మా పెద్దమ్మ కొడుకు జెకర్యా.
మాటల్లేవు మాకు. ఊ అని ఒకటే.
ఎనిమిది లెక్కలు ఒకే స్వరం మీద,
ఊపిరి దొంగతనంగా తీసుకోవాల.
పైన మాస్టారి వేళ్ళు ఉడతల మాదిరి ఉరుకుతుంటే
అందరూ వాటినే వినేవాళ్ళు.
మమ్మల్ని ఎవరూ వినలేదు.
మేం ఆగితే మాత్రం
తలలు తిప్పి చూసేవాళ్ళు.

చిట్టచివరి పేజీ కూడా లేదు.
రాగం గడప మీద ఒక కాలెత్తి ఆగిపోతుంది.
మిగతాది మాస్టారే కట్టేవాడు:
క్రిస్మసుకు ఒక ముగింపు,
శ్రమదినాలకు ఒకటి,
వాన కోసం ప్రార్థించిన ఆదివారం ఇంకొకటి.
సుగుణమ్మ టీచరు, ఆయన భార్య, పోయిన యేడు
పరాసు ఆయన ఆగిన చోటే ఆపేసి లేచినాడు.
మిగతాదాని కోసం గుడంతా కూర్చోనే ఉండింది.

ఇప్పుడు కీబోర్డు వచ్చింది. కాళ్ళతో పని లేదు.
ఆర్గనులో ఎలుకలు పిల్లలు పెట్టినాయి.
మాస్టారి సమాధి మీద
గణిత ఉపాధ్యాయుడు అని చెక్కించినారు.
పుస్తకం ఎవరింట్లో ఉందో
జెకర్యాకు తెలుసంటారు, వాడు చెప్పడు.

నాకు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో
బాయిలరు కాడ రాత్రి షిఫ్టు.
జూన్ నెల, గేటు దాటి రోడ్డు మీదికి
తోతాపురి లారీల వరస.
రెండు గంటలప్పుడు బాయిలరు ఒక స్వరం పట్టుకుంటుంది.
సరిగ్గా అది కాదు, పిసరంత పైన.
నేను కిందికి లాగుతాను.

"ఏం గొణుగుతా ఉండావునా?" అంటాడు కొత్త పిల్లోడు.
"కాలు," అంటాను.
వాడు వంగి నా చెప్పుల వైపు చూస్తాడు.