నీడలు ఆపేసిన కొండ

పన్నెండు వేలు.
బ్రహ్మోత్సవాల్లో పొద్దూ మాపూ తోలిన డబల్ డ్యూటీ డబ్బు
చొక్కా లోపలి జేబులో పెట్టుకొని
నాదముని అంగడి మెట్లెక్కినాను.
ఖాకీ ఇంకా విప్పలేదు.

"ఏం నా, పిల్లోడికా?" అన్నాడు.
"నాకే" అన్నాను.
వాడు నవ్వలేదు. అందుకే వాడి తావకు పోయేది.

మా కండక్టరు సెల్వి మాత్రం నవ్వింది
"పగలంతా ఘాటులో తోలేది చాలకనా,
రాత్రి కంప్యూటర్లో గూడా లారీ తోలుతావు?"
ఆమెకేం చెప్పేది.
ఇంట్లో ఉండేది మూతబడిన నెట్ సెంటరు నుంచి తెచ్చుకున్న డబ్బా.
అందులో నా లారీ మంచుకొండ ఎక్కుతుంటే
సెకనుకు పన్నెండు బొమ్మలు.
స్టీరింగు ఇప్పుడు తిప్పితే
మలుపు ఎప్పటికో వస్తుంది.
అట్టాంటి బండి డిపోలో ఇస్తే
కంప్లయింటు బుక్కులో రాసి తాళాలు వాళ్ల బల్ల మీదే పెట్టుందును.

అద్దాల బల్ల మీద మూడు కార్డులు పరిచినాడు.

ఒకటి రెండు ఫ్యాన్లది, ఎనిమిది జీబీ, పాతది, ఎనిమిదిన్నర వేలు.
పెండ్లికొడుకు మాదిరి మెరుస్తా ఉండాది.
తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
నాదముని వింతగా చూసినాడు.
ఘాటు దిగొచ్చిన బండి చక్రం దగ్గర
లైనింగు కాలిన వాసన
ఇరవై రెండేళ్లుగా తెలిసిన ముక్కు ఇది.
"యాడ తిరిగింది ఇది?"
"చెన్నైలో... కంప్యూటర్ నాణేలు తవ్వే పనిలో. రెండేళ్లు."
తల గోక్కుంటా ఒప్పుకున్నాడు.
రాత్రింబగళ్లు మొదటి గేర్లోనే అరిచిన ఇంజను.
పక్కన పెట్టేసినాను.

రెండోది కొత్తది, పదమూడున్నర.
అప్పు చేస్తే అందేది.
"దీనికి ఆరు సూదుల వైరు కావాల. మీ డబ్బాలో పవర్ సప్లై ఎంత?"
"మూడొందల వాట్లు."
"అయితే అదీ మార్చాల, ఇంకో మూడు వేలు. ప్రాసెసరు గూడా పాతది గదా నా, దీన్ని అందుకోలేదు, మల్లా అదీ..."
ఆగమన్నాను.
పాత చాసీకి పెద్ద ఇంజను బిగిస్తే
ముందు గేరు బాక్సు అడుగుతుంది,
తర్వాత బ్రేకులు,
ఆఖరికి కొత్త బస్సే అడుగుతుంది.

మూడోది ఒంటి ఫ్యాను. నాలుగు జీబీ. నా అరచేయి కంటే కొంచెం పెద్దది.
వేరే వైరు అక్కర్లేదు,
బోర్డు పోసిందే తాగి బతుకుతాది.
"పెద్ద ఆటలు లాగదు. అన్నీ మీడియంలో పెట్టుకో.
నీడలు ఆపేసెయ్."
పదకొండు వేల రెండొందలు, మూడేళ్ల వారంటీ.
రెండొందలు తగ్గించమంటే నూరు తగ్గించినాడు.
మిగిలింది గ్యాసు బండకు సరిపోయింది.

ఆ రాత్రి
స్టీరింగు తిప్పితే తిప్పినప్పుడే మలుపు తిరిగింది.
సెకనుకు నలభై ఎనిమిది. కొన్నిచోట్ల యాభై.
ఎదురెవరూ లేకపోయినా హారను కొట్టినాను, చెయ్యి ఊరుకోదు.
తర్వాత
మలుపు నడిమధ్యలో బండి ఆపేసినాను.
వెనక గోవింద కొట్టే యాభై మంది లేరు.
తల పక్కకు తిప్పి
లోయ చూసినాను.

ఎంతసేపో చూసినాను.
కొండ మీద నాకు కనపడేది తెల్లగీత,
ముందు బండి బ్రేకు లైటు, అంతే.
కిటికీ సీటు కోసం కొట్లాడుకునే వాళ్లకు తెలిసిన లోయ
ఎట్టుంటాదని నన్నడిగితే
పిట్టగోడకు అవతల ఉంటాదని చెబుతాను.

అయితే
మంచు ఉండాది, మాన్లు ఉండాయి,
మాన్ల కింద ఏమీ లేదు.
నేలకు కాళ్లు తగలనట్టు నిలబడుండాయి అన్నీ.

పొద్దున రెండో ట్రిప్పుకు ఎండొచ్చింది.
అలిపిరి దాటి పైకి పోతుంటే
చెట్ల నీడలు ముందద్దం మీద పడి
నా చేతుల మీద పాకి
వెనక సీట్లలోకి పోతా ఉండాయి,
ఒక్కటంటే ఒక్కటి తడబడకుండా.

"ఏంది నా, నీలో నువ్వే నవ్వుకుంటా ఉండావు?"
"నీడలు" అన్నాను.
సెల్వి టికెట్టు చించుతా
"ఎండ కండ్లకు కొడితే ఆ కర్టెను లాక్కో" అనింది.