కుంగుబాటు కొలత

కొండాపూర్ సందులో షాపు.
గోడకి మూడు సైకిళ్లు ఆనించి
ఇలియాస్ చాయ్ తెప్పించాడు.
నూట ఇరవై, నూట నలభై, నూట అరవై.
మిల్లీమీటర్లట,
రాయి తగిలితే చక్రం ఎంత తప్పుకుంటుందో.

నాకు తెలిసిన రాళ్లు ఖాజాగూడవే.
వాటిలో కొన్ని ఇప్పుడు
ఎవరి పార్కింగ్ కిందో ఉన్నాయి.
మిగిలినవాటి మీద
పాత సైకిల్‌తో పదకొండేళ్లు
ప్రతి దెబ్బకీ నడుమే బాకీ కట్టింది.

"ఎక్కున్రి మేడమ్, మంచిగ కూసోన్రి."
షాక్ మీద సన్నటి రబ్బరు రింగు.
ఊపిరి బిగబట్టాను,
తేలిగ్గా తూగుదామని.
అతను పట్టేశాడు.
"బరువు దాచకున్రి. నీళ్ల బ్యాగు గూడ ఏస్కోన్రి."

దిగి చూస్తే రింగు
మూడో వంతు దగ్గర ఆగింది.
టేపు పెట్టి కొలిచి, తలూపి,
"గింత కుంగాలె.
కుంగని బండి ఎగరేసి పడేస్తది."

ఫిజియో దగ్గర ఇన్ని వేలు పోశాను,
ఈ మాట చెప్పలేదు ఎవరూ.

ఎర్రది అందంగా ఉంది, కాళ్లు అందలేదు.
కార్బన్‌ది ధర విన్నాక
చాయ్ మీద మీగడ కట్టిందాకా మాట్లాడలేదు.
చివరికి అల్యూమినియం, నూట నలభై.
బూడిద రంగు,
వానకి తడవని ఖాజాగూడ రాయిలా.

డెలివరీ శనివారం.
స్కూటీ మీద ఇంటికెళ్తూ
బొటానికల్ గార్డెన్ రోడ్డులో
ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా
మోచేతులు వంచి
లేచి నిలబడబోయాను.
వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు.