గోరంత మూత

ఈ ఇంట్లో ఎవురి నాలికకూ ప తిరగదు.
పెంచలమ్మను నేను.
బెంచలా అనే పిలుస్తారు, ఏడేండ్లుగా.
ఆ పొద్దు మాత్రం
ఇల్లంతా వచ్చి ప దగ్గరే ఇరుక్కునింది.

కువైట్ జహ్రాలో, జూలై నెల, శుక్రవారం.
గోడను తాకితే చెయ్యి బొబ్బలెక్కే మిట్టమద్దేనం.
గేటుకు అడ్డంగా పెద్ద బండి,
సగం లోపల, సగం వీధిలో,
బ్యాటరీ చచ్చి ఒక్క లైటూ వెలగడంల్యా.
గేరు కట్టె పీ మీదనే బిగుసుకోనుంది.
మనిషి పక్కవాటుగా దూరచ్చు, స్ట్రెచర్ దూరదు.
లోపల ముసిలి బాబా
నోరు తెరిచి గాలిని ఎతుక్కుంటాండాడు.
బయట అంబులెన్సు ఒకటే అరుపు.
మామా రెండు చేతులా కట్టె పట్టుకోని లాగుతాంది,
ఏడుస్తా, తిడతా, దేవున్ని పిలుస్తా.

డ్రైవరు మస్తాన్‌వలి లీవు మీద రాయచోటికి పోయినాడు.
పోకముందు ఒకనాడు,
నేను బండి లోపల దుమ్ము తుడుస్తాంటే అన్నాడు:
"కట్టె పక్కన గోరంత మూత ఉంది సూడు,
గట్టిగా రుద్దాకక్కా, ఊడొస్తాది."
దాని కింద ఏముంది రా అంటే
"పానం పోయిన బండికి దొంగదారి" అని నవ్వినాడు.

ఏడేండ్లు తుడిచినా ఆ మూతను.
దాని అంచు నా వేలికి తెలుసు,
నా బిడ్డ చెవితమ్మె తెలిసినట్టు.

మామాను పక్కకు జరిపి, గాజుకున్న పిన్నీసు తీసినా.
మూత ఎగిరి యాడనో పడింది.
లోపల చీకటి గుంత, చిటికెనేలు కూడా పట్టదు.
రేకుపెట్టె తాళంచెవి నా మెడదారానికి ఉండాది,
తెంచే తీరిక లేదు,
మొక్కినట్టు వంగి దూర్చినా, అదిమినా.
ఒక కాలు బ్రేకు మీద. ఏ కాలో గురుతు లేదు.
టక్.
పీ దాటింది, ఆర్ దాటింది,
ఎన్ కాడ నిలబడింది కట్టె.
ముందుకూ పోదు, ఎనక్కూ పోదు,
తోసినోళ్ళు తోసిన దిక్కుకే పోతాది.
ఆ గేరు సంగతి నాకు ఎవురూ చెప్పబళ్ళే.

చేతిబ్రేకు దించినా.
అంబులెన్సోళ్ళు ఇద్దరు, పక్కింటి తోటమాలి,
నైటీ ఎగదోపుకోని నేను.
కాలిన రేకుకు అరచేతులు అతుక్కునేట్టు తోసినాము.

బాబా బతికినాడు.
రాత్రి మామా నా చేతులకు పండ్లపేస్టు పూస్తా
"నీకెట్ల తెలుసు బెంచలా?" అనింది.
అంత చెప్పేంత అరబ్బీ నాకు రాదు.
గుడ్డ పట్టినట్టు పట్టి
గాలిలో తుడిచి చూపించినా.

తాళంచెవి వంకరపోయింది.
రేకుపెట్టె ఇప్పుడు తెరుచుకోదు.
పోనీలే, అందులో సబ్బులు, రెండు సెంటు సీసాలు, అంతే.
పాసుపోర్టు దాంట్లో లేదు,
మామా బీరువాలో ఉండాది.
ఆ బీరువాను కూడా దినామూ తుడుస్తాండా,
అంచులెమ్మడి, మూలలెమ్మడి,
మెల్లగా,
గోరంత మూత ఏమన్నా
వేలికి తగుల్తాదేమో అని.