నరం వంపు

ఫర్హానా మేడం భూతద్దం నా చేతికిచ్చి
"రెక్క చూడు తిర్పతయ్యా" అన్నది.
సూదికి గుచ్చిన ఈగ, వడ్లగింజంత.
రెక్క మొదట్ల ఒక నరం
విల్లు లెక్క వంగి ఉన్నది.
ఆ వంపు ఉంటే ఈ కుటుంబం,
తిన్నగ ఉంటే ఇంకో అర, ఇంకో పెట్టె.

వర్గీకరణ అంటే నాకు తెలిసింది
కలెక్టరాఫీసు ముంగట టెంటు, మైకు, ఎండ.
ఇక్కడ వెంట్రుకంత వంపు మీద తేలిపోతది,
అప్పీలు లేదు.

మీసం మొదలు కింద ఒకటే అతుకు.
నాలుక పొట్టిది, మొన తేలింది.
కొన్నింటి నడుముకు
చెరిగిన నెమలీకల రంగుల పట్టీలు;
కొన్ని ఉత్త నలుపు,
చెమట తాగనీకి మోచేతి మీద వాలుతయి,
ఉప్పు అయిపోయినంక పోతయి.

ఆడదాని మీసానికి పన్నెండు కణుపులు,
మగదానికి పదమూడు.
ఆ ఒక్కటి ఎక్కువున్నందుకేనేమో
గుంత తవ్వడు, బువ్వ మొయ్యడు,
పొద్దుగూకితే ఎండిన గడ్డిపోచను కరుచుకొని
పదిమంది వరుసగ వేలాడి నిద్రపోతరు.
తెలకపల్లి కల్లు దుకాణం కాడ కూడ
కొందరున్నరు, పేర్లతోని చెప్పగలుగుత.

ఆమె మాత్రం తెల్లారంగనే
వంగపువ్వును పట్టుకొని ఒళ్లంతా గజగజ వణికిస్తది,
పువ్వు తన పిండి ఇచ్చేదాక.
వెనుక కాళ్ల బొచ్చుకు పసుపు పూసుకొని
మళ్ల మట్టిలకు దిగుతది.

దిగుడు నాకు కొత్త కాదు.
మేము ఓర్సోళ్లం. గడ్డపార మా బడి.
మా నాయిన భూమిల ఉన్నన్ని దినాలు
భూమి మీద లేడు.
కానీ మేము తవ్వేది నీళ్ల కోసం.
ఇది తవ్వేది నీళ్లు రాని జాగ కోసం.
జానెడు లోతుల, పక్కకు ఒక అర,
గోడలకు ఒంట్లకెళ్లి తీసిన మెరుగు పూత,
మృగశిర వాన మొత్తం కురిసినా
లోపల పిండి ముద్ద తడవదు, మీది గుడ్డు తడవదు.
మూత పెట్టి పోతది. బిడ్డ మొకం చూసుడు లేదు.

ఒంటరివి అంటది పుస్తకం.
నేను చూసిన కాడ నూరు గుంతలున్నయి,
ఇల్లు ఇల్లు ఆనుకొనే, పొయ్యిలు వేరు.
చాడీలు లేవు. చేబదుళ్లు లేవు.

ఎర్ర పొట్టది ఒకటున్నది.
కాళ్లకు బొచ్చు లేదు, మోసే పనిలేదు కదా.
పక్కింట్లకు జొరబడి
ఆ గుడ్డును చంపి తన గుడ్డు పెట్టొస్తది.
"ఇదీ ఇదే కుటుంబమా మేడం?"
"నరం చూడు."
చూసిన.
వంగే ఉన్నది.

అన్నింటికీ అరలు కుదిరినయి, ఒక్కదానికి తప్ప.
ఏ పుస్తకంల లేదు, ఏ తాళానికి పడలేదు.
మేడం కండ్లద్దాలు తీసి తుడిచి మళ్ల పెట్టుకున్నది,
చెంపలెర్రగైనయి సంతోషంతోని.
"గూడు దొరకాలె. అడుగు దాక తవ్వి
అరలతోని సహా ఎత్తుకరావాలె.
యాడ పట్టినవ్ దీన్ని?"

పట్టింది ఆ చౌడు మీద.
మా నాయిన పదకొండు గజాలు దిగినా
చెమ్మ తగలక
కూలి రాక
సగంల విడిచిన బావి, ఆ ఎత్తుపోసిన మట్టి దిబ్బ.
ఆ మట్టి ఆయన గంప గంప మోసింది.
ఇప్పుడు దాని నిండ సూదిబెజ్జాలు,
ఒక్కొక్క బెజ్జంలకెళ్లి ఒక్కొక్క మొకం.

"గాలికి కొట్టుకొచ్చింది మేడం" అన్న.

చీటీ రాసేది నేనే, నా రాత ముత్యాలంటది ఆమె.
తారీఖు రాసిన. ఊరు రాసిన.
గూడు: కనబడలేదు.
సిరా ఆరేదాక ఊదిన.

మొన్న వాన పడి వెలిసినంక పోయి చూసిన.
కొత్త మట్టి కుప్పలు పదిహేడు,
చిటికెడు చిటికెడు.
గడ్డపార ఇంట్లనే తలుపెనుక ఉన్నది.