బరువు ఎటు పోతుంది

నలభై ఏళ్లు వంతెనల కింద నడిచినవాణ్ణి.
ఇప్పుడు నెవాడాలో, ఎండిన సరస్సు తెల్లటి అడుగు మీద
మడత బల్ల వేసుకు కూర్చుని
ఎగరబోయే వాటిని తట్టి చూస్తుంటాను,
కొత్త కుండను వేలి మెటికతో తట్టినట్టు.
ఖంగుమంటే సరే.
బొంగురుపోతే ఎక్కడో పొర విడిందని.

గ్రాషీ అర్రాంబిదె తన రాకెట్‌ను తెచ్చింది
కుంటిగొర్రెను మోసినట్టు, మెడ వెనక అడ్డంగా వేసుకుని.
ఆరడుగుల గొట్టం.
గొర్రెల వీపున గుర్తు వేసే ఎర్రరంగే దానికీ పూసింది.
డబ్బా అడుగున మిగిలిందట.

నేను అందర్నీ అడిగేది ఒకటే:
బరువు ఎటు పోతుంది?

వేలితో దారి చూపిస్తూ చెప్పింది.
మోటారు తన్ను ముందు లోపలి గొట్టానికి,
అక్కణ్ణుంచి మూడు ప్లైవుడ్ వలయాల మీదుగా
బయటి గొట్టానికి, చివరికి ముక్కుకి.
"మరి రెక్కలు?"
"పైపైన అతికించలేదు. గోడ చీల్చి, దూర్చి,
లోపలి గొట్టం తగిలేదాకా దించాను.
లోపలా బయటా ఎపాక్సీ."
రెక్క పట్టుకుని మెలిపెట్టాను.
రాకెట్ మొత్తం తిరిగింది, రెక్క ఒక్కటీ తిరగలేదు.
మూలల్లో వంపు, మేస్త్రీ తాపీతో తీసినంత నున్నగా.
ఒక్కచోట మాత్రం
ఆమె వేలిముద్ర అలాగే ఆరిపోయింది.

పైకి పోయేటప్పుడు అంతా తోపుడే.
స్తంభాలతో బతికినవాడికి అది కొత్త కాదు.
ఒకదాని మీద ఒకటి ఎక్కి, నొక్కుకుని,
ఆ నొక్కుడులోనే నిలబడతాయి.
ఎగురుతూ విరిగినవి తక్కువే చూశాను.
విరిగేది పైన, ఆగేచోట.
చిటికెడు మందు పేలి, ముక్కు ఊడి, తాడు సాగి,
అప్పటిదాకా తోసుకున్నవన్నీ
ఒకదాన్నొకటి గుంజుకోవడం మొదలుపెడతాయి.

అందుకే ముక్కు తీయమన్నాను.
తాడు ఏడు మీటర్లు, ముడి మంచిదే.
తాడు కట్టిన రింగు బోల్టు
చువ్వ వంచి చేసిన కొట్టు సరుకు.
వలయం పూర్తిగా కలవలేదు,
కాగితం దూరేంత సందు.
"దీనికి నోరుంది," అన్నాను.

వాదించలేదు. బోల్టు వంక కాసేపు చూసి
ట్రక్కు వైపు నడిచింది.

ఇంత సందే ఒకప్పుడు ఒక వంతెన కింద చూసి
"వచ్చే ఏడాది" అని కాగితం మీద రాశాను.
అది ఆమెకు చెప్పలేదు.
ఎవరికీ చెప్పలేదు.

గొర్రెల ట్రైలరు గేటుకున్న గడియ బోల్టు విప్పుకొచ్చింది.
కాల్చి సాగగొట్టిన ఇనుము, అతుకులేని వలయం.
అదే లావు, అదే మర.
గేటును తాడుతో కట్టేసి వచ్చిందట.
రాకెట్‌ను కుర్చీ వీపు మీద అడ్డంగా నిలబెట్టి తూచాం.
సుద్దగీత ముక్కు వైపు గోరంత జరిగింది.
మంచిదే. బరువు ముందు, గాలి వెనక.
తారుమారైతే తోక ముక్కును తరుముతుంది.

మధ్యాహ్నం గాలి లేచేలోపు వదిలాం.
బటను నొక్కాక ఒక క్షణం ఏమీ లేదు.
తర్వాత మా ఛాతీల్లోంచే వెళ్లినట్టు వెళ్లింది.
నీలంలో ఎరుపు, ఆ తర్వాత ఒట్టి నీలం.

పారాచూట్ ఆలస్యమైంది.
రాయిలా పడుతూ, పడుతూ,
ఒక్కసారిగా ఆగింది.
ఆ గుంజుడు అంత ఎత్తునుంచి వినపడదు.
నేను విన్నాను.

రెండు మైళ్లు నడిచి, చీకటిపడ్డాక తిరిగొచ్చింది.
ఒక రెక్క కొస పెచ్చూడింది, అంతే.
బోల్టు విప్పి నా బల్ల మీద పెట్టింది.
గుండ్రటి వలయం కోడిగుడ్డులా సాగింది.
విడలేదు.

దాన్ని ఉంచుకోనా అని అడుగుదామనుకున్నాను.
అప్పటికే తీసుకెళ్లి గేటుకు బిగిస్తోంది.
గడియ మునుపటికంటే బిగువుగా పడుతోందట.
ట్రైలరులో గొర్రె ఒక్కటీ లేదు.
అయినా రెండుసార్లు లాగి చూసింది.