కాలువ అవతలి గుర్తు

షెపర్టన్ దాటాక పల్లె రోడ్ల మీద
ఇంటి నంబరంటే వరస కాదు, దూరం.
రోడ్డు మొదలైన చోటు నుంచి
పది మీటర్లకో అంకె.
కుడిపక్క సరి, ఎడమపక్క బేసి.
ఎవరూ చెప్పలేదు నాకీ సంగతి.
డయాలిసిస్ ద్రవం పెట్టెలు వ్యానులో వేసుకుని
మొదటి వారమంతా దారి తప్పాక తెలిసింది.

ఐలీన్ ప్రొథరో, 1724, మెకిన్నన్ రోడ్డు.
మ్యాపులో ఆమె ఎర్రగుర్తు
కాలువకి అవతలి గట్టున దిగేది.
"గమ్యం చేరుకున్నారు" అనేది ఫోను,
ఎంత నమ్మకంగానో!
ఎదురుగా నీళ్లు. నీళ్లలో ఒంటికాలి కొంగ.
అటు ఒడ్డున ఆమె రేకుల ఇల్లు, ఆరేసిన దుప్పట్లు.
కేకేస్తే పలికేంత దగ్గర,
చుట్టి వెళ్తే తొమ్మిది కిలోమీటర్లు.

గుర్తు పడ్డ గట్టు మీద రెజెప్ బేరిపళ్ల తోట.
నేను వ్యాను దిగకముందే
"ఐలీనా?" అనేవాడు.
తూము మీద మనిషి పట్టే పలక ఒకటుంది.
తోపుడుబండి తెచ్చి
పెట్టెలు తనే దాటించేవాడు.
ఇన్నేళ్లలో ఆయన దాటించినవాళ్లు
కొరియర్లు, ప్లంబర్లు, ఓట్లడగడానికొచ్చిన ఒకాయన,
ఒకసారి అంబులెన్సు కుర్రాళ్లు.
అంబులెన్సు దగ్గర ఆగాడు.
"పదకొండు నిమిషాలు" అన్నాడు.
తర్వాత బండి చక్రానికి అంటిన బురద గీకుతూ ఉండిపోయాడు.

ఆ రాత్రే కూర్చున్నాను.
ఎవరైనా దిద్దగలిగిన మ్యాపది,
ఎవరైనా చెడగొట్టగలిగింది కూడా.
ఎర్రగుర్తుని వేలితో పట్టి, కాలువ దాటించి,
ఆమె గేటు పక్కన
పాలక్యానుతో చేసిన ఉత్తరాల డబ్బా దగ్గర దించాను.

మూడోనాటికి మళ్లీ అవతలే ఉంది.
పెర్త్‌లో ఎవరో, పేరు కూడా పేరు కాదు,
"ఉపగ్రహచిత్రంలో అక్కడ ఇల్లు లేదు, గొర్రెల కొట్టం" అని
వెనక్కి తిప్పేశారు.
ఆ చిత్రం పాతదనీ,
కొట్టం ఉన్న చోటే ఇప్పుడు ఆమె వంటిల్లనీ,
అక్కడి గడియారం పది నిమిషాలు ముందనీ,
మిషను పక్కన కుక్క పడుకుంటుందనీ
బోలెడు రాసి, చెరిపి,
"స్వయంగా వెళ్లాను. గేటు ఫొటో ఇదిగో.
మీటరు లెక్క పదిహేడు కిలోమీటర్ల రెండువందల నలభై" అని పెట్టాను.
రెండ్రోజులకి జవాబు:
"సరే. క్షమించండి."
మొహం చూడని మనిషి అన్న ఆ రెండు మాటలకి
ఆ పూట చారు రెండుసార్లు పోసుకుని తిన్నాను.

ఇప్పుడు తిన్నగా వెళ్తున్నాను.
ఇరవై నిమిషాలు మిగులుతున్నాయి, రోజూ.

జూన్‌లో, మంచు విడవని ఒక మంగళవారం,
పెట్టెలు దించుతూ తలెత్తితే
అవతల రెజెప్, పక్కన ఖాళీ తోపుడుబండి.
చెయ్యెత్తాను. ఎత్తాడు.
"ఇప్పుడెవరూ తప్పిపోవడం లేదే!" అని అరిచాడు.
మెచ్చుకోలో, ఇంకోటో
తూము హోరులో తేలలేదు.

ఆ తొమ్మిది కిలోమీటర్లూ చుట్టి వెళ్లాను.
మీ నంబరెంతని అడిగాను.
"నాకెందుకు? వచ్చినవాళ్లంతా ఆవిడ కోసమేగా."
ఫోనులో చూశాను.
ఆయన ఉన్న మేర అంతా పచ్చరంగు.
తోట అని రాశారు,
మనిషి అని రాయలేదు.

రోడ్డు మొదటికి పోయి మీటరు సున్నా చేశాం.
పక్క సీట్లో కూర్చుని
ఒడిలో పళ్లబుట్ట కదలకుండా పట్టుకుని
ప్రతి వందకీ పైకి లెక్కపెట్టాడు.
ఆరు కిలోమీటర్ల మూడువందల పది.
631. ఎడమపక్కే, బేసే, సరిపోయింది.

మ్యాపులో నేనెక్కించాను.
పళ్లపెట్టె చెక్క మీద తనే రంగేశాడు.
ఒకటికి నెత్తిన పొడుగు తోక పెట్టి, అల్బేనియాలో నేర్చిన రాత,
అచ్చం ఏడులా.

దిద్దమనలేదు నేను.
637 అనుకున్నా
అరవై మీటర్ల పొరపాటు.
అక్కడా ఆయన తోటే.