పధ్నాలుగో నంబరు అద్దం

ఆటోనగర్‌లో లారీ ఛాసిసులు అతికేవాణ్ణి.
గ్రహాల సంగతి నాకేం తెలుసు?
వెలుగు సంగతి కొంచెం తెలుసు.

పదమూడో ఏట, మేస్త్రీ చూడొద్దన్నందుకే చూశాను
రాడ్డు కొసన పూసిన నీలిపువ్వుని.
రాత్రికి కళ్ళల్లో కృష్ణ ఇసక పోసి నూరినట్టు.
అమ్మ బంగాళాదుంప చెక్కలు కట్టి
తెల్లార్లూ విసురుతూ కూర్చుంది.
రెండు రోజులకి తగ్గింది.
అది తగ్గే మంట.

అందుకే ఆదివారం నుంచీ రాణిగారితోటలో
మెట్లెక్కుతున్నాను, మెట్లు దిగుతున్నాను.
సంచిలో నాలుగు నల్లద్దాలు, ఒక బూందీ గరిటె.

"మా దగ్గరుందిగా" అన్నాడు ఫణీంద్ర.
బీరువా అడుగు నుంచి తీశాడు
వాళ్ళ నాన్న ఛాతీ ఎక్స్‌రే.
ఆ పక్కటెముకల సందులోంచి సూర్యుణ్ణి చూస్తాడట.
వద్దు బాబూ.
చలవద్దాలూ వద్దు, రెండు జతలు ఒకదానిమీదొకటి పెట్టుకున్నా వద్దు.
పళ్ళెంలో పసుపునీళ్ళు వద్దు, నీళ్ళలో ఉన్నదీ ఆయనే.
రోజూ నేను పెట్టుకునే పదో నంబరద్దం కూడా వద్దు,
అది నా నిప్పుకి ఆగుతుంది, ఆ నిప్పుకి ఆగదు.
పధ్నాలుగు. అంచు మీద అంకె చూసుకోండి.
గీత పడినా, బీట ఇచ్చినా పక్కన పెట్టెయ్యండి.
తల దించి అద్దం పెట్టుకోవాలి, అప్పుడు ఎత్తాలి.
మళ్ళీ దించాకే తియ్యాలి.
పిల్లల చేతికిచ్చి మీరు ఫోన్లో పడిపోవద్దు.

"నొప్పెడితే మేమే తల తిప్పుకుంటాంలే అన్నా"
అంది బట్టలారేస్తూ షకీలా.
అక్కడే మెట్టుమీద కూలబడ్డాను.
నా మంట నయం తల్లీ, రాత్రికి ఏడిపించైనా చెబుతుంది.
సూర్యుడు చెప్పడు.
ఆయన కాల్చే చోటికి నొప్పి తెలీదు.
మర్నాడు పిల్లాడు పుస్తకం తెరిస్తే
ఏ మాట చూసినా నడిమి అక్షరం ఉండదు.
అంతే.

మూడో అంతస్తులో రాజ్యంగారు తలుపు సగమే తీశారు.
కోడలికి ఏడో నెల.
ఊరగాయ జాడీల మీద అప్పుడే దర్భలు.
"మా పిల్ల గడప దాటదు నాగూరూ,
నీ గరిటెలూ గిరిటెలూ మాకొద్దు."
ఆవిడ భుజం వెనక ధనశ్రీ మొహం,
అడగబోయి ఆగినట్టు.

వాదించలేదు.
గ్రహణానికే పట్టూ విడుపూ ఉంటే
మనిషికి ఉండొద్దా?
గది తలుపేసి కూర్చోబెడతారుగా, మంచిదేనమ్మా అన్నాను.
అంటూ ఆ రేకు తలుపు వంక చూశాను.
పాత గొళ్ళెం ఊడినచోట మేకంత చిల్లు.
ఆర్నెల్లుగా అతకమంటున్నారు,
ఆర్నెల్లుగా రేపంటున్నాను.

"తూర్పు తలుపు కదా. చీకటి చెయ్యండి.
తలుపుకి వీపు పెట్టి ఎదురు గోడ చూడమనండి.
చిల్లులో కన్ను పెట్టొద్దు. గోడే."

ఆ పొద్దున డాబా మీద
నాలుగద్దాలకి రేషన్ షాపంత వరస.
బూందీ గరిటె నడుమెత్తున పట్టుకుంటే
సిమెంటు నిండా నెలవంకలు, చిల్లుకొకటి.
పిల్లలు తొక్కబోయి తప్పుకుంటున్నారు.
షకీలా కొడుకు ఒకటి గుప్పిట్లో పట్టి
జేబులో వేసుకున్నాడు.

గ్రహణం నమాజుకి దిగుతుంటే
మూడో అంతస్తులో మూసిన తలుపు వెనక మాటలు.
"రూపాయి బిళ్ళంతే ఉందత్తయ్యా, అంచు కొరికేసినట్టు."
"ఏదీ, జరుగు."
కాసేపు ఏమీ లేదు.
"ఇంకా కరుగుతోందే పిల్లా!"
గడప ఎవరూ దాటలేదు.

నిన్న రాజ్యంగారు కబురంపారు.
వానలొస్తున్నాయి, ఇప్పుడైనా ఆ చిల్లు పూడ్చమని.
మిషనూ రాడ్లూ మోసుకుపోయాను.
మొహానికి ముసుగు దించబోతుంటే
లోపల్నుంచి ధనశ్రీ:
"మళ్ళీ గ్రహణం ఎప్పుడన్నా?"
తెలీదమ్మా.
"కనుక్కుని రా.
అతుకు అప్పుడు వేద్దువుగాని."

రాజ్యంగారు వంటింట్లోనే ఉన్నారు.
విన్నారు. ఏమీ అనలేదు.